యాభై నాలుగు చుట్లు

ఈ యాసంగి నడిమధ్యలో మా బాయి మోటర్ కాలిపోయింది. వరి పొట్ట మీదున్నప్పుడే మోటర్లు కాలుతాయి, అదేం శాపమో. రాజంపేట దగ్గరి మా పొలం నుంచి దాన్ని ట్రాలీ ఆటోలో వేయించుకొని కామారెడ్డిలో ఒక వైండింగ్ షాపుకు తీసుకుపోయాను. షాపతనికి ముప్పై ఏళ్ళుంటాయేమో. మూత విప్పి, లోపల నల్లబడ్డ రాగి తీగ మీద ఫోను లైటు వేసి, చుట్టలను ఒక్కొక్కటే చూశాడు.

"సార్, గిది ఇద్దరు చుట్టిండ్రా?" అన్నాడు.

"ఏమైంది?"

"గీ సగం చుట్టలు చూడుండ్రి, అచ్చు గుద్దినట్టున్నయి. తీగ మీద తీగ ఎక్కలే. ఇగ గీ సగం చూడుండ్రి. అంత అడ్డదిడ్డం. దారం ముడి గుడ సక్కగ పడలే. మేస్త్రి సగం చుట్టి, మిగిలింది కొత్తగ నేర్చుకునేటోనికి ఇచ్చినట్టున్నది."

"ఒక్కడే చుట్టిండు," అన్నాను.

అతను నమ్మలేదు. నమ్మాల్సిన అవసరమూ అతనికి లేదు. నేను బయట స్టూలు మీద కూర్చున్నాను. ఎండ కాళ్ళ దాకా వచ్చినా జరగబుద్ధి కాలేదు. ఆ మోటర్ చుట్టినాయన పోయి ఆరేళ్ళయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఎల్లారెడ్డిలో ఆ పేరు వింటే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టేవాళ్ళు కొందరున్నారు. ఆ దండాల్లో నా పాపం ఉంది. అది చెప్పుకోవడానికే ఇదంతా.

నేను ఎల్లారెడ్డి హైస్కూల్లో లెక్కల పంతులుగా ఉన్న రోజుల్లో రోజూ కామారెడ్డి నుంచి పొద్దుటి బస్సులో పోయేవాణ్ణి. ఊరి మొదట్లోనే రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు. ముందర పాత మోటర్ల డొల్లలు, లోపల వార్నిష్ వాసన. బల్ల మీద ఒక చెక్క అచ్చు. ఎడమచేత్తో తీగను బిగించి పట్టి, కుడిచేత్తో అచ్చును తిప్పుతూ పెదాల మీదనే లెక్క పెట్టేవాడు. మోటర్‌ను బట్టి లెక్క మారుతుంది. మా బాయి మోటర్‌కైతే ఒక్కో చుట్టకు యాభై నాలుగు చుట్లు. యాభై నాలుగు కాగానే దారంతో ముడివేసి పక్కన పెట్టి, మళ్ళీ ఒకటి నుంచి.

లెక్కలో ఉన్నప్పుడు ఎవరొచ్చినా తలెత్తేవాడు కాదు. రెండు చేతులూ పనిలో ఉండేవి, నోరు అంకెల్లో ఉండేది. అందుకని మడమతో నేలను రెండుసార్లు కొట్టేవాడు. ఆగుమని. ఒకసారి పెద్ద అధికారి ఒకరు జీపు దిగి వచ్చి "ఏమయ్యా" అంటే ఆయనకూ అదే, టక్ టక్. అధికారి నిలబడ్డాడు. యాభై నాలుగు అయ్యాకే ఆయనకు నమస్తే దొరికింది.

"చుట్లు లెక్కబెట్టే మీటర్లు వచ్చినయి గద అన్నా, కొనుక్కోరాదా," అన్నాను ఒకసారి.

"మీటర్‌కు ధ్యాస ఉంటదా సార్? లెక్క తప్పితే రైతు పంట పోతది. మీటర్‌ది ఏం బోతది?"

ఇంత లెక్కైన మనిషి పొద్దున ఎనిమిది కాకముందు తీగను పట్టుకోలేకపోయేవాడు. నేను బస్సు దిగే వేళకు షెడ్డు తలుపు సగం తెరిచి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకొని కూర్చుని ఉండేవాడు. మాఘమాసం చలి కాదది, మే నెలలోనూ అంతే. వార్నిష్ డబ్బా వెనక ఒక స్టీలు గ్లాసు. అందులో సీసా వంచుకొని ఒక గుక్కలో దింపి, కళ్ళు మూసుకొని కాసేపు ఉండి, తర్వాత చేతులు బయటికి తీసి వాటిని చూసుకునేవాడు.

"పొద్దుగాల గీ చేతులు నాయి గావు సార్. ఓ గ్లాసు పడ్డంక నాయైతయి," అనేవాడు. సిగ్గు లేకుండా, గొప్ప లేకుండా, బస్సు ఆలస్యమైంది అన్నట్టుగా.

ఆ తర్వాత రోజంతా గ్లాసు నడిచేది. తాగి పడిపోవడం, ఎవరినైనా ఒక మాట అనడం నేను ఏనాడూ చూడలేదు. తాగకపోతేనే పడిపోయేటట్టుండేవాడు. ఇంట్లో భార్య బీడీలు చుట్టేది. "ఆయనవి రాగి చుట్లు, నాయి ఆకు చుట్లు, మా ఇంట్ల అందరం చుట్టేటోళ్ళమే," అని నవ్వేది. ఆ నవ్వు వెనక ఉన్నదంతా నాకు తెలుసు. మా అమ్మ కూడా అట్లాగే నవ్వేది.

ఒక ఏడు చలికాలం ఆయన కాళ్ళు ఉబ్బాయి. కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం చూస్తే వెలపరం. భార్య బలవంతంగా కామారెడ్డి తీసుకుపోయి ఒక డాక్టరుకు చూపించింది. ఆ డాక్టరు చెప్పింది ఆయన నాకు మోటర్ భాషలో చెప్పాడు.

"కాలేయం వాసిందంట సార్. తాగుడు దించకుంటే కాలుతదన్నడు. నేనన్న, రేపటి సంది బంద్ వెడ్త అని. అట్ల జెయ్యకు అన్నడు. నీ అంత తాగేటోడు ఒక్కపారి బంద్ వెడితే ఫిట్స్ వస్తయి, మతి తప్పుతది, పాణం గుడ పోతది. మెల్లగ దించు, గోలీలు వాడు, నెలకోసారి నాకు కనబడు అన్నడు."

ఎట్లా దించాలో మాత్రం ఆయనే కనిపెట్టుకున్నాడు. నిజాంసాగర్ కట్ట కింద ఎవరిదో కాలువ మోటర్ బాగు చేయడానికి పోయినప్పుడు మంజీర ఒడ్డున నున్నటి గులకరాళ్ళు ఒక దోసెడు ఏరుకొచ్చాడు. రోజుకు ఇన్ని గ్లాసులని ముందే ఉండేది కదా, ఆ లెక్క మార్చలేదు. ఆదివారం ఆదివారం గ్లాసు అడుగున ఒక రాయి వేశాడు. గ్లాసు అంచు దాకా నిండుగానే ఉంటుంది, లోపల మందు మాత్రం ఒక రాయంత తక్కువ. వచ్చే ఆదివారం ఇంకొకటి.

"గ్లాసు నిండ కనబడాలె సార్. కండ్లను ఎందుకు ఏడిపియ్యాలె? కండ్లు ఊకుంటే పాణం ఊకుంటది."

పొద్దున్నే ఆయన భార్య ఆ రాళ్ళను పప్పు కడిగినట్టు కడిగి గ్లాసులో వేసి ఇచ్చేది. డాక్టరు విని నవ్వాడట. ఏదైతేనేం, తగ్గుతున్నది కదా, కానీ అన్నాడట.

తొమ్మిది రాళ్ళు అయ్యేసరికి గ్లాసు సగమైంది. ఆ తొమ్మిది వారాల్లో ఆయనలో వచ్చిన మార్పు నేను రోజూ బస్సు దిగుతూ చూసినవాణ్ణి, కాబట్టి తెలియదని అనలేను. కాళ్ళ వాపు దిగి చెప్పుల పట్టీ సరిపోయింది. కళ్ళలో తెలుపు కనబడింది. మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ కనిపించేవాడు. పొద్దున చేతులు చంకల్లో పెట్టుకొనే కూర్చునేవాడు గాని ఆ వణుకు మునుపటంత లేదు. ఒకనాడు ఆయన భార్య బస్టాండులో నన్ను ఆపి, "పొద్దుగాల లేవంగనే అన్నమడిగిండు సార్. పెండ్లైన కాంచి ఇదే మొదలు," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. డాక్టరు మళ్ళీ పరీక్ష చేయించి వాపు తగ్గిందన్నాడు.

ఇది చాలదా ఒక మనిషికి? నాకు చాలలేదు.

మా బాపు తాగి పోయాడు. ఆయన రోజూ అనే మాట ఒక్కటే, "రేపటి నుంచి తగ్గిస్తరా." ఆ మాట వింటూనే నేను పెరిగాను, ఆ మాట వింటూనే ఆయన్ను మోసుకుపోయాం. అందుకని తగ్గించడం అనే మాటంటేనే నాకు ఒళ్ళు మంట. నేను చుక్క ముట్టను. ఏటా హనుమాన్ మాల వేసుకునేవాణ్ణి, నలభై ఒక్క రోజులు నేల మీద పడక, ఒంటిపూట భోజనం. నా నిష్ఠ అంటే నాకే ముచ్చట. మాలలో ఉన్నన్నాళ్ళు ముట్టకుండా, మాల తీసిన సాయంత్రమే సీసా మూత తీసే స్వాములను చూసి నవ్వుకునేవాణ్ణి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. నేను మాత్రం రొయ్య ముట్టని శ్రీవైష్ణవుణ్ణి.

"రాళ్ళేసుకొని తాగితే తాగుడు గాదా అన్నా?" అన్నాను ఒకనాడు.

"తాగుడే సార్. సగం తాగుడు."

"సగమేంది? మానితే మానాలె, లేకుంటే లేదు."

ఆయన తీగ వదిలి నా ముఖం చూశాడు. "లెక్కల సారు గద మీరు. సగమంటే సున్న గాదని మీకు తెల్వదా?"

జవాబు లేనప్పుడు పంతుళ్ళం గొంతు పెంచుతాం. మీ నాన్న పుణ్యం, నీ భార్య తాళి, దేవుడు, మాల, ఒక్క దెబ్బకు పీడ విరగడ, అంటూ రోజూ బస్సు దిగడమూ, పది నిమిషాలు ఊదరగొట్టడమూ. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పైగా ఆయన కూతురికి పదో తరగతి లెక్కలు చెప్పిన సారును నేను. ఆయన నన్ను కాదనలేని చోటు అది, ఆ చోటునే నేను తొక్కి పట్టాను.

"డాక్టరు ఒక్కపారి వద్దన్నడు గద సార్. ఇంక సగం గ్లాసున్నది."

"దేవుని కన్న డాక్టరు పెద్దోడా?"

ఆయన తల వంచుకున్నాడు. బల్ల మీద మా బాయి మోటరే ఉంది. సగం చుట్టలు చుట్టి పక్కన పెట్టాడు, సగం మిగిలాయి. "గీ మోటర్ అయినంక ఏసుకుంట," అన్నాడు మెల్లగా. రేపే మంచి రోజు, మాలలో ఉండి కూడా చుట్టొచ్చు, అన్నాను నేను.

మర్నాడు గురుస్వామి ఆయన మెడలో మాల వేస్తుంటే నేను పక్కన నిలబడి ఉన్నాను. ఆయన భార్య రాళ్ళ గ్లాసును కడిగి అర మీద పెట్టేసింది.

మొదటి రోజు గడిచింది. రెండో రోజు చెమటలు, నిద్ర లేదు, షెడ్డుకు పోయి తీగ పట్టి మళ్ళీ వదిలేశాడట. "చేతులు మొత్తమే నాయి గావు స్వామీ," అన్నాడు నాతో. మాలలో ఉన్నాం కదా, ఒకరికొకరం స్వాములం. "పరీక్ష స్వామీ, దేవుడు పరీక్ష పెడుతున్నడు," అన్నాను. పరీక్షలు పెట్టి పెట్టి నాకు ఆ మాట నోటికి బాగా వచ్చు.

మూడో రోజు మధ్యాహ్నం మాల స్వాముల పందిట్లో భజన జరుగుతోంది. ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. డోలు మంచి ఊపులో ఉండగా ఆయన ఒళ్ళంతా వణకడం మొదలైంది. కళ్ళు ఎక్కడో చూస్తున్నాయి. ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"స్వామి వచ్చిండు," అన్నారు ఎవరో. డోలు ఇంకా పెరిగింది. గురుస్వామి హారతి వెలిగించాడు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోశారు. పందిరంతా మోకాళ్ళ మీదికి దిగింది.

నేను ఆయన చేతులు చూశాను. ఎడమ చెయ్యి గాలిలో ఒకచోట బిగుసుకొని ఉంది. కుడి చెయ్యి దాని ముందర గుండ్రంగా తిరుగుతోంది, ఒకే వేగంతో, ఒకే కొలతతో. గద తిప్పుతున్నాడు అన్నారు పక్కనున్నవాళ్ళు. నేను ఆ తిప్పడాన్ని నాలుగేళ్ళుగా చూస్తున్నవాణ్ణి. పెదాలు కదులుతున్నాయి. నేను దగ్గరికి జరిగి విన్నాను. నలభై రెండు. నలభై మూడు.

మాచారెడ్డి నుంచి వచ్చిన ఒక ముసలి రైతు ఆయన కాళ్ళ ముందర సాగిలపడ్డాడు. ముసలాయనకు మూడు బోర్లు ఎండిపోయాయి. "స్వామీ, నాలుగోది ఎంత లోతుకు పడ్తది, చెప్పు స్వామీ," అని ఏడుస్తున్నాడు. ఆయన మడమతో నేలను రెండుసార్లు కొట్టాడు. టక్ టక్. స్వామికి కోపమొచ్చింది అని అందరూ వెనక్కి జరిగారు.

యాభై రెండు, యాభై మూడు, యాభై నాలుగు. చేతులు ఆగాయి. వేళ్ళు ముడి వేశాయి. మళ్ళీ, ఒకటి.

"యాభై నాలుగు," అన్నాడు గురుస్వామి భక్తితో. "నూట ఎనిమిదిల సగం." ముసలి రైతు ఆ అంకెను లోలోపల చెప్పుకుంటూ కళ్ళకద్దుకున్నాడు.

అక్కడున్న వాళ్ళెవరికీ తెలియదు, ఆయన భార్య ఇంటి దగ్గరుంది. నాకు తెలుసు. అది గద కాదు, చెక్క అచ్చు అని తెలుసు. ఆ కోపం కోపం కాదు, ఆగుమనడం అని తెలుసు. డాక్టరు చెప్పిన మాట ఆయన నోటితోనే నేను విన్నాను, ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది అని. అన్నీ తెలిసి, అందరూ మోకాళ్ళ మీదున్నారని, తీసుకొచ్చింది నేనని, ఇప్పుడు నోరు తెరిస్తే నా మాట ఏమవుతుందోనని, నేను కూడా రెండు చేతులూ జోడించాను. ఆయన నా వైపే చూస్తూ ఉన్నాడు. ఎంతసేపో తెలియదు. మూడు చుట్టలు చుట్టాడు. నాలుగోది చుడుతూ కింద పడ్డాడు.

నోట్లో నురగ, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం. ఎవరో పరుగెత్తుకొచ్చి తాళంచెవుల గుత్తి ఆయన పిడికిట్లో కుక్కారు. అప్పుడు గాని ఫోను చేయాలని తోచలేదు. అంబులెన్సులో కామారెడ్డి దాకా ఆయన తలను నేనే పట్టుకొని కూర్చున్నాను.

బతికాడు. దవాఖానలో పదకొండు రోజులున్నాడు. "ఎవరు ఆపించిండ్రు ఒక్కసారే?" అని ఆ డాక్టరు గట్టిగా అడిగాడు. నేను గోడకు ఆనుకొని ఉన్నాను. ఆయన భార్య నా వైపు చూడకుండా, "ఆయనే సార్, ఆయనే ఆపిండు," అంది. డాక్టరు ఆమెకు చాలాసేపు చెప్పాడు. ఒకసారి ఇట్లా అయినవాడికి రెండోసారి ఇంకా తొందరగా, ఇంకా గట్టిగా వస్తుంది. మళ్ళీ మొదలుపెడితే దాచకండి, నా దగ్గరికి రండి, మందులిచ్చి దించుదాం. ఇంటి దగ్గర మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అంటాం కదా, ఆ రోజు నుంచి ఆ సామెత నేను ఎవరితోనూ అనలేదు.

ఇంటికి వచ్చిన వారానికి నేను అరటిపండ్లు పట్టుకొని షెడ్డుకు పోయాను. ఆయన మా మోటర్ ముందరే కూర్చొని ఉన్నాడు. మిగిలిన సగం చుడుతున్నాడు. లెక్క మధ్యలో ఆగి, తల గోక్కొని, మళ్ళీ మొదటి నుంచి. గ్లాసు మళ్ళీ బల్ల మీదికి వచ్చింది, అందులో మూడే రాళ్ళు. తొమ్మిది దాకా ఎక్కినవాడు మూడుకు దిగాడు. నన్ను చూసి ముఖం వెలిగింది. కోపం ఉంటుందేమోనని భయపడుతూ వచ్చినవాణ్ణి, ఆ వెలుగు చూసి ఇంకా భయపడ్డాను.

"సార్, నా మీదికి దేవుడు వచ్చిండంట గద?"

నేను పండ్లు బల్ల మీద పెట్టాను.

"అందరంటున్నరు. మాచారెడ్డి ముసలాయన ఇంటికి వచ్చి కాళ్ళు మొక్కిండు. నాకైతే ఏం యాదికి లేదు. డాక్టరేమో ఫిట్స్ అంటడు. ఆయన సూడలే గద. మీరు సూసిండ్రు. చదువుకున్నోళ్ళు, అబద్ధం చెప్పరు. చెప్పుండ్రి సార్. వచ్చిండా?"

ఆయన ఒక తీగ ముక్కను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నా నోటి వైపే చూస్తున్నాడు. జీవితంలో ఎవరూ ఆయన్ను మేస్త్రి అని కూడా సరిగ్గా పిలవలేదు. తాగుబోతు చేతిలో మంచి పనితనముంది అనేవాళ్ళు, అంతే. ఇప్పుడు ఊరు ఆయన్ను స్వామి అంటోంది. నిజం చెబితే అది పోతుంది. దానితోపాటు నేను ఏం చేశానో బయటికొస్తుంది. ఏది ఎక్కువ బరువు తూగిందో ఇప్పుడు అబద్ధమాడి ప్రయోజనం లేదు, రెండోదే.

"వచ్చిండు," అన్నాను.

ఆయన రెండు చేతులూ ఎత్తి ముఖం కప్పుకున్నాడు. కాసేపటికి తీసి, అరచేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు. పొద్దుటి గ్లాసు తర్వాత చూసుకున్నట్టే.

ఆ ఏడు నేను ఆయన్ను తప్పించుకొని తిరిగాను. బస్సు దిగి రోడ్డుకు అవతలి వైపు నడిచేవాణ్ణి. రాళ్ళు మళ్ళీ మొదలుపెట్టాడని, ఆరుకు వచ్చాడని ఆయన భార్య ఒకసారి చెప్పింది. బోర్లు వేసేవాళ్ళు అడపాదడపా వచ్చి నిమ్మకాయ పెట్టి పోతున్నారని కూడా చెప్పింది. ముసలి రైతుకు ఎంత లోతులో నీళ్ళు పడ్డాయో, పడలేదో నాకు తెలియదు. అడగలేదు.

మరుసటేడు మాలల కాలానికి నేను పదో తరగతి పేపర్లు దిద్దే పని మీద కామారెడ్డిలో ఉన్నాను. మాల వేసుకోలేదు, మనసు రాలేదు. ఆయన వేసుకున్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. భార్య కాళ్ళు పట్టుకున్నా వినలేదట. "పోయినసారి వచ్చినోడు మల్ల వస్తడు. ఈసారి నేను యాది పెట్టుకుంట," అన్నాడట. "సార్‌కు ఇప్పుడే చెప్పకు. అయినంక చెప్పుదం, సంబురపడ్తడు."

రెండో రోజే వణుకు మొదలైంది. పందిట్లో అందరూ ఎదురుచూస్తూనే ఉన్నారు. చాప పరిచి, కర్పూరం వెలిగించి, దేవుడు నోరు విప్పుతాడని చుట్టూ కూర్చున్నారు. పడిపోయినా ఎవరూ ముట్టుకోలేదు, మైల అవుతుందని. చాలాసేపటికి ఎవరో ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు.

నేను చావుకు పోయాను. మాలతోనే పడుకోబెట్టారు. దేవుడే తీసుకుపోయాడని జనం పూలు చల్లారు. నేనూ చల్లాను. ఆ తర్వాత బదిలీ పెట్టుకొని ఎల్లారెడ్డి వదిలేశాను.

ఇప్పుడు ఈ మోటర్.

"ఒక మంచి చుట్ట, ఒక చెడ్డ చుట్ట నాకు కోయకుండ తీసియ్యి," అన్నాను షాపతనితో. కాలిన తీగ దేనికీ పనికిరాదు సార్ అన్నాడు. అయినా వేడి చేసి, నెమ్మదిగా లాగి, రెండూ కాగితంలో చుట్టి ఇచ్చాడు. అక్కడి నుంచి నేరుగా ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆరేళ్ళ తర్వాత.

ఆమె వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. తల సగం నెరిసింది. లోపల గోడకు మాలలో ఉన్న ఆయన ఫొటో, దాని కింద దీపం, పక్కన అర మీద స్టీలు గ్లాసు. "రాండ్రి సార్," అని పీట జరిపింది. నేను మంచి నీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టాను. మాటల్లో చెప్పలేకపోయాను. లేచి నిలబడి ఎడమచేతిని బిగించాను, కుడిచేతిని తిప్పాను. ఒకటి నుంచి యాభై నాలుగు దాకా. మధ్యలో మడమతో రెండుసార్లు నేలను కొట్టాను. చివర ముడి వేశాను. మళ్ళీ ఒకటి అన్నాను.

ఆమె చేతిలో కత్తెర ఆకు మీద ఆగిపోయింది.

"గది దేవుడు వచ్చుడు గాదు సార్," అంది. "చుట్టుడు."

"అవును."

"మీకు అప్పుడే ఎరికనా?"

"ఎరికే."

"ఆయన మిమ్ముల అడిగిండు గద, వచ్చిండా అని. వచ్చి నాకు చెప్పిండు, సార్ గుడ అవునన్నడని."

ఆమె కత్తెరలోని ఆకును తీసి చాటలో వేసింది. తర్వాత, "గప్పుడు చుట్టింది ఏ మోటర్ సార్?" అని అడిగింది.

"నాదే."

కాగితం విప్పి రెండు చుట్టలూ ఆమె ముందర పెట్టాను. ఆమె మంచి చుట్ట మీద బొటనవేలు నడిపింది. రెండోదాన్ని ముట్టుకోలేదు.

అంతలో పక్కింటామె కొబ్బరికాయ పట్టుకొని వచ్చింది. తమ్ముడు బాగా తాగుతాడట, రేపు మాల వేయిస్తున్నారట, ఫొటో దగ్గర మొక్కుకుపోదామని వచ్చింది. "అక్కా, బావ దీవెన ఉంటె చాలు, ఒక్క దెబ్బకు మానుతడు," అంది.

"సార్‌నడుగు," అంది ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూ. "ఆనాడు సార్ ఎదురుంగనే ఉండె. దేవుడు వచ్చిండో లేదో సార్ చెప్తడు."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ ప్రశ్న నన్ను రెండోసారి అడుగుతున్నారు.

"రాలేదమ్మా," అన్నాను. "ఆయనకు మతి తప్పింది. ఒక్కసారే తాగుడు ఆపినందుకు. మోటర్ చుడుతున్నననుకొని లెక్క పెడుతుండె. ఆపించింది నేను."

పక్కింటామె నన్ను, ఫొటోను, మళ్ళీ నన్ను చూసింది. ఫొటో ముందర పాపిష్టి మాట అన్నవాణ్ణి చూసినట్టు చూసింది. కొబ్బరికాయ అట్లాగే పట్టుకొని నిలబడింది. ఆయన భార్య లేచి లోపలికి పోయింది. అర మీది గ్లాసు తెచ్చి, పక్కింటామె కొంగు పట్టించి, రాళ్ళు అందులో పోసింది. ఆరు.

"రేపు మాల ఎయ్యకుండ్రి. ముందుగాల కామారెడ్డిల డాక్టర్‌కు చూపించుండ్రి. ఎట్ల దించాల్నో ఆయన చెప్తడు. గీ రాళ్ళు వారానికి ఒక్కటి. మా ఆయన తొమ్మిదికి వచ్చిండు. మంచిగుండె అప్పుడు."

తర్వాత నా ముందర వంగి, రెండు చుట్టలనూ కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

"గివి మీ మోటర్‌వి సార్. తీస్కపోండ్రి. ఇగ రాకుండ్రి."

అరుపు లేదు, ఏడుపు లేదు. నన్ను సార్ అనే పిలిచింది.

ఆ పొట్లం ఇప్పుడు నా బల్ల మీదుంది. మంచి చుట్టను ఆ రాత్రే లెక్కబెట్టాను, యాభై నాలుగు. రెండోదాన్ని రోజూ చేతిలోకి తీసుకుంటాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇంతవరకు దాన్ని లెక్కబెట్టలేదు.